పాత బండిలో పట్టేసిన డీజిల్ ఫిల్టర్: మా షెడ్డులో తరచుగా అడిగే ప్రశ్నలు

చిలకపాలెం దగ్గర హైవే పక్కన మా షెడ్డు. కొత్త బళ్లన్నీ కంపెనీ సర్వీసింగ్‌కి పోతాయి కాబట్టి మా దగ్గరికి వచ్చేవి పాత జీపులు, సుమోలు, బొలెరోలు, 407లు, ట్రాక్టర్లు. వాటిలో సగం బళ్లకి ఫిల్టర్ మార్చడం పావుగంట పని. మిగతా సగానికి ఫిల్టర్ ఊడదీయడమే ఒక పూట పని. "ఎంత తిప్పినా తిరగట్లేదు బావూ, ఏటి సెయ్యమంతావు?" అని ఫోన్లో అడిగేవాళ్లకి చెప్పీ చెప్పీ, చివరికి ఇలా రాసి పెట్టాను.

ఫిల్టర్ అసలు ఎందుకు పట్టేస్తుంది?

ఎక్కువసార్లు తప్పు ఫిల్టర్‌ది కాదు, దాన్ని కిందటిసారి బిగించిన చేతిది. డబ్బా ఫిల్టర్‌ని (రేకు డబ్బా మొత్తం తిరిగి ఊడే రకం) చేత్తోనే బిగించాలి. "లీకైతే మాట వస్తుంది" అన్న భయంతో చాలామంది పానా పెట్టి ఇంకో చుట్టు లాగేస్తారు. పైగా రబ్బరు రింగుకి చుక్క నూనె రాయకుండా పొడిగా బిగిస్తారు. ఆ రింగు ఏడాది పాటు ఇంజిన్ వేడికి ఉడికి హెడ్‌కి, అంటే ఫిల్టర్ ఎక్కే దిమ్మకి, జిగురు పెట్టినట్టు అతుక్కుంటుంది.

రెండో కారణం మన గాలి. బారువ, భావనపాడు, కళింగపట్నం, ఇటు భోగాపురం, పూసపాటిరేగ. సముద్రం పక్కన రోజూ తిరిగే బండికి ఉప్పుగాలి తప్పదు. ఇనుప నట్టు తుప్పు పడుతుంది. అల్యూమినియం హెడ్ మీద సున్నం లాంటి తెల్లపొడి లేస్తుంది. ఆ పొడి కనిపిస్తే పని నిదానంగా చేయాలని అర్థం.

మూడోది మరీ మామూలు సంగతి: ఏళ్ల తరబడి దాన్ని ఎవరూ ముట్టుకోలేదు.

ఏ వైపు తిప్పాలి? ఎడమకే కదా?

ఇది చిన్న ప్రశ్నలా ఉంటుంది కానీ, "ఊడట్లేదు" అని వచ్చే బళ్లలో కొన్నిటికి అసలు రోగం ఇదే. ఊడదీస్తున్నాననుకుని గంటసేపు బిగించి తెచ్చినవాళ్లని చూశాను.

ఫిల్టర్ హెడ్‌కి వేలాడుతూ ఉంటుంది. బానెట్ ఎత్తి మీరు పైనుంచి చూస్తారు. అక్కడే దిశ తిరగబడుతుంది. ఒక వాటర్ బాటిల్ తీసుకోండి. నిలువుగా పట్టుకుని, మూతని ఎడమ చేత్తో కదలకుండా పట్టి, కుడి చేత్తో సీసాని తిప్పుతూ మూత ఊడదీయండి. మూత మీ బండి హెడ్ అనుకోండి, సీసా ఫిల్టర్. సీసా ఏ వైపు తిరిగిందో ఫిల్టర్ కూడా అటే తిరగాలి. అంటే పైనుంచి చూసేవాడికి గడియారం ముల్లు తిరిగే వైపే. బండి కింద పడుకుని, ఫిల్టర్ అడుగుని చూస్తూ తిప్పేవాడికి దానికి ఎదురు దిశ.

పని మొదలుపెట్టే ముందు పెయింట్ మార్కర్‌తోనో సుద్దతోనో డబ్బా మీద ఒక బాణం గీసుకోండి. చేతికి నూనె అంటి, చెమట కళ్లలోకి కారుతున్నప్పుడు ఏది ఎడమో ఏది కుడో గుర్తుండదు.

నా బండిలో ఉన్నది ఏ రకమో ఎలా తెలుస్తుంది?

మూడు రకాలు చూస్తాం. రేకు డబ్బా మొత్తం తిరిగి ఊడేది ఒకటి, సుమో, బొలెరో లాంటి వాటిలో ఎక్కువ. గిన్నె లోపల విడిగా ఫిల్టర్ ఉండి, నడిమి బోల్టుతో బిగించేది రెండోది. పాత లారీలు, ట్రాక్టర్లలో ఇలాంటివి రెండు పక్కపక్కన ఉంటాయి. పైపు మధ్యలో ఇమిడిపోయేది మూడోది, ఇది పెట్రోల్ కార్లలో ఉంటుంది. ఒకదానికి చెప్పిన వైద్యం ఇంకోదానికి పనికిరాదు. అన్నట్టు, పక్కనే ఉన్న ఆయిల్ ఫిల్టర్‌ని డీజిల్ ఫిల్టర్ అనుకుని ఊడదీసి, ఇంజిన్ ఆయిలంతా నేలపాలు చేసినవాళ్లూ ఉన్నారు. సన్నపాటి పైపులు వచ్చి కలిసేది డీజిల్‌ది.

మొదలుపెట్టే ముందు ఏం చూసుకోవాలి?

కొత్త ఫిల్టర్ చేతిలో ఉందా? అన్నిటికన్నా ముందు అది. పాతది నలిగిపోయాక దాన్ని మళ్లీ బిగించలేరు, ఆదివారం సాయంత్రం శ్రీకాకుళంలో మీ మోడల్‌కి సరిపోయేది దొరక్కపోవచ్చు. కొత్తదాని రబ్బరు రింగు, మర పాతదానికి సరిపోయేలా ఉన్నాయో కూడా చూడండి. అంగుళం కొలతల మర, మిల్లీమీటర్ల మర చూడ్డానికి ఒకేలా ఉంటాయి. రెండు చుట్లు ఎక్కి ఆగిపోతే అది సరిపోని మర అన్నమాట, బలవంతం చేయకండి.

తర్వాత ఇంజిన్ చల్లారనివ్వండి. బ్యాటరీ నెగెటివ్ తీసేయండి. అడుగున డ్రెయిన్ స్క్రూ ఉంటే విప్పి లోపలి డీజిల్‌ని డబ్బాలో పట్టండి. ఖాళీ ఫిల్టర్ నలిగినా, చిరిగినా మీ మీద కారదు. బీడీలు, చుట్టలు దూరంగా పెట్టండి. చుట్టూ చేరి సలహాలిచ్చేవాళ్ల నోట్లో ఉన్నవి కూడా.

ఫిల్టర్ పానా లేదు. ఇంట్లో ఉన్నవాటితో ఊడదీయొచ్చా?

ఊడదీయొచ్చు. బలం కన్నా పట్టు ముఖ్యం.

డబ్బాకి అంటిన నూనె, మట్టి ముందు సర్ఫ్ నీళ్లతో శుభ్రంగా తుడిచి ఆరబెట్టండి. నూనె చేతులతో పట్టుకుంటే పహిల్వాన్‌కైనా జారుతుంది. గరుకు ఎమరీ పేపర్‌ని గరుకు వైపు డబ్బాకి తగిలేలా చుట్టి, పైన రబ్బరు చేతితొడుగు వేసుకుని తిప్పండి. ఓ మోస్తరుగా పట్టినవి దీనికే కదులుతాయి.

దానికి లొంగకపోతే బెల్టు. పాత సీటు బెల్టు ముక్క, లేదా అరిగిపోయిన ఫ్యాన్ బెల్టు, ఒక బలమైన కర్ర. బెల్టుని డబ్బా చుట్టూ వేసి, కొసలు కర్రకి బిగించి, కర్రని మెలిపెట్టినట్టు తిప్పితే డబ్బాని పిండేసినట్టు పట్టుకుంటుంది. కర్ర ఊడే దిశలోనే లాగాలి.

ఇక్కడ ఒక కిటుకు ఉంది. పానా అయినా బెల్టు అయినా డబ్బా నడుముకి వేయకండి. నడుము దగ్గర పలచటి రేకు, పట్టగానే సొట్ట పడుతుంది, సొట్ట పడ్డాక పట్టు దొరకదు. హెడ్‌కి దగ్గరగా, డబ్బా పై అంచున వేయండి. అక్కడ లోపల మందపాటి పళ్లెం ఉంటుంది కాబట్టి నలగదు. చెయిన్ పానా ఉన్నా ఇదే లెక్క.

ఒకేసారి ఊపిరి బిగబట్టి లాగడం కన్నా, బలం పెట్టి అలాగే పట్టుకుని పది లెక్కపెట్టండి. చిన్న "టిక్" మని వినిపిస్తుంది. అది రబ్బరు రింగు హెడ్‌ని వదిలిన చప్పుడు. ఆ తర్వాత వేళ్లతోనే వచ్చేస్తుంది.

తుప్పు వదిలించే స్ప్రే కొట్టి రాత్రంతా ఉంచితే ఊడుతుందా?

డబ్బా ఫిల్టర్‌కైతే పెద్దగా లాభం లేదు. అందరూ డబ్ల్యూడీ-40 కొట్టేసి ఏదో అయిపోతుందని ఎదురుచూస్తారు. కానీ దాని మర ఉండేది రబ్బరు రింగుకి లోపల. డీజిల్‌ని బయటికి రానివ్వని రింగు, స్ప్రేని మాత్రం లోపలికి ఎందుకు పోనిస్తుంది? దానికన్నా వేడినీళ్లలో ముంచి పిండిన గుడ్డని డబ్బా పై అంచు చుట్టూ పది నిమిషాలు చుట్టి ఉంచితే నయం. గట్టిపడిన రబ్బరు కాస్త మెత్తబడుతుంది. ఇది చల్లారిన డీజిల్ బండికి మాత్రమే.

స్ప్రే పనికొచ్చేది బయటికి కనిపించే మరలకి: పైపు నట్లు, గిన్నె రకం నడిమి బోల్టు, డ్రెయిన్ స్క్రూ, బ్రాకెట్ బోల్టులు. వాటికి సాయంత్రం ఒకసారి, పొద్దున ఒకసారి కొట్టి, మధ్యలో చిన్న సుత్తితో టకటకా తట్టండి. ఆ అదురుకి స్ప్రే మరలోకి దిగుతుంది.

స్క్రూడ్రైవర్ గుచ్చి తిప్పేస్తే?

అందరికీ తెలిసిన వైద్యం ఇదే. అందరికన్నా ఎక్కువ నష్టం చేసేదీ ఇదే. నా సంగతే చెప్తాను.

షెడ్డు పెట్టిన కొత్తలో కళింగపట్నం నుంచి చేపల ట్రేలు మోసే జీపు ఒకటి వచ్చింది. ఉప్పునీళ్లు కారీ కారీ ఇంజిన్ గది మొత్తం ఎర్రగా ఉంది. ఫిల్టర్ కదల్లేదు. పొడవాటి స్క్రూడ్రైవర్ తీసి సుత్తితో నడుము మీద ఒక్కటిచ్చాను, ఈ చివర నుంచి ఆ చివరికి దిగింది. తిప్పితే డబ్బా తిరగలేదు, రేకు మాత్రం కాగితంలా చీలింది. చీలిన అంచుకి బొటనవేలు తెగింది. రోషం వచ్చి ఇంకో బొక్క పొడిచాను. ఈసారి దెబ్బ హెడ్‌కి తగిలి అల్యూమినియం చెవి విరిగింది. ఓనర్ అక్కడే స్టూలు మీద కూర్చుని ఉన్నాడు, ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది. విశాఖ వెళ్లి పాత సామాన్ల షాపులో ఆ హెడ్ వెతికి పట్టుకోవడానికి రెండు రోజులు పట్టింది, ఖర్చు నాదే. ఇంటికొచ్చి ఆలోచిస్తే తట్టింది, నేను మొదట పది నిమిషాలు తిప్పింది బిగిసే వైపు.

ఇక మరో దారి లేక గుచ్చాల్సే వస్తే: ముందు డీజిల్ మొత్తం దించేయండి. హెడ్‌కి రెండంగుళాల కింద గుచ్చండి. మరీ పైకి పోతే లోపలి స్టడ్డుకి (ఫిల్టర్ ఎక్కే మర కడ్డీ) తగులుతుంది, మరీ కిందికి పోతే రేకు చిరుగుతుంది. రెండు వైపులా బయటికి రావాలి. గట్టి చేతితొడుగులు, కళ్లద్దాలు తప్పనిసరి. పెట్రోల్ బండికి ఈ మాటే ఎత్తకండి.

డబ్బా చిరిగి ఊడొచ్చేసింది, పై పళ్లెం మాత్రం హెడ్‌కే ఉండిపోయింది. ఇప్పుడెలా?

కంగారొద్దు, ఆ స్థితి నుంచి కూడా ఊడుతుంది. మిగిలిన రేకుని కటింగ్ ప్లయర్‌తో వంచి తీసేయండి. పళ్లేనికి చుట్టూ చిన్న చిన్న రంధ్రాలు ఉంటాయి. ఒక రంధ్రం అంచున మొద్దు ఉలి వాల్చి పెట్టి, ఊడే దిశలో చిన్న సుత్తితో చిన్న దెబ్బలు వేయండి. తర్వాత దానికెదురుగా ఉన్న రంధ్రం దగ్గర రెండు దెబ్బలు. ఇలా మారుస్తూ పోతే పళ్లెం మెల్లగా కదులుతుంది. ఉలి ఎప్పుడూ పళ్లెం మీదే ఉండాలి. హెడ్‌లో రబ్బరు కూర్చునే చదును మీద ఒక్క గీత పడినా రేపు అక్కడినుంచే గాలి లాగుతుంది.

గ్యాస్ కట్టర్‌తో వేడి చేస్తే?

వద్దు. డీజిల్‌కైనా వద్దు, పెట్రోల్‌కైనా వద్దు, "ఖాళీ చేశాం కదా" అన్నా వద్దు. ఖాళీ డబ్బాలో ఆవిరి ఉంటుంది, మండేది అదే.

407, ట్రాక్టర్లలో ఉండే గిన్నె రకం రాకపోతే?

పాత డ్రైవర్లు వీటిని ఇప్పటికీ మైకో ఫిల్టర్లనే అంటారు. కంపెనీ పేరు 2008లో బాష్‌గా మారినా మా దగ్గర పేరు మారలేదు. పక్కపక్కన రెండు గిన్నెలు: మొదటిదానిలో ముతక ఫిల్టర్, రెండోదానిలో కాగితం.

నడిమి బోల్టుకి రింగ్ పానాయే వాడండి. మామూలు పానా పెడితే మూలలు అరిగి తల గుండ్రమైపోతుంది. బోల్టు వచ్చినా గిన్నె రాకపోతే పట్టుకున్నది రబ్బరే. సందులో స్క్రూడ్రైవర్ పెట్టి ఎత్తకండి, అంచు పాడవుతుంది. చెక్క ముక్క అడ్డం పెట్టి చుట్టూ తడుతూ రండి.

గిన్నె వచ్చాక హెడ్ గాడిలోకి వేలు పెట్టి తడమండి. పాత రింగు అక్కడే నల్లగా అతుక్కుని ఉంటుంది, చూపుకి గాడిలాగే కనిపిస్తుంది. దాని మీదే కొత్త రింగు వేసి బిగించేస్తారు చాలామంది. అక్కడ గాలి లాగుతుంది, ఆ తర్వాత వారం రోజులు "పొద్దున్నే స్టార్ట్ అవ్వట్లేదు" అంటూ సెల్ఫ్ మోటారు, బ్యాటరీ, పంపు అన్నీ మార్చుకుంటూ పోతారు. డబ్బా రకానికి కూడా ఇదే జాగ్రత్త.

మాది పెట్రోల్ కారు. ఇవే చేయొచ్చా?

చేయకూడదు. పెట్రోల్ ఆవిరి గాలికన్నా బరువు, నేలని పట్టుకుని పాకుతుంది, గుంతలో నిలుస్తుంది. సర్వీసింగ్ గుంతలో దిగి పెట్రోల్ పైపు విప్పేవాళ్లని చూస్తే నాకు గుండె జారిపోతుంది. ఆరుబయట చేయండి.

ఇంజెక్షన్ ఉన్న బళ్లలో పైపులో ప్రెజర్ ఉంటుంది, చాలావాటికి 3 బార్ దాకా. ముందు ఫ్యూయల్ పంపు ఫ్యూజు తీసి, ఇంజిన్ స్టార్ట్ చేసి దానంతట అదే ఆగేదాకా ఉంచండి. తర్వాత బ్యాటరీ తీయండి, ట్యాంక్ మూత వదులు చేయండి. అయినా కొంచెం చిమ్ముతుంది, గుడ్డ అడ్డం పెట్టుకోండి.

ఇనుప పైపు నట్టు పట్టేస్తే రెండు పానాలు కావాలి. ఫిల్టర్ వైపు నట్టుని ఒకదానితో పట్టుకుని, పైపు నట్టుని ఇంకోదానితో తిప్పాలి. ఒక్క పానాతో తిప్పితే నట్టుతోపాటు పైపు కూడా మెలికపడి చీలుతుంది. ప్లాస్టిక్ క్లిప్పుల రకమైతే ముందు నీళ్లతో ఇసుక కడిగేయండి, పైపుని ఒకసారి లోపలికి నొక్కి, చెవులు నొక్కి పట్టి లాగండి. ప్లయర్ పెడితే పెళుసుబారిన చెవి విరిగి చేతిలోకి వస్తుంది.

పాత మారుతి 800, ఓమ్నీలలో రబ్బరు గొట్టం అతుక్కుపోతుంది. లాగకుండా ముందు మెలితిప్పండి. రాకపోతే బ్లేడుతో పొడుగ్గా కోసేసి కొత్త గొట్టం వేయండి, అది చవకే. ఇప్పుడు బంకుల్లో పోసే పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. అది తేమని లాగుతుంది, పాత రబ్బర్లకి అంతగా పడదు. కాబట్టి ఎలాగూ మార్చాల్సిన గొట్టమే.

ఫిల్టర్‌తో పాటు హెడ్ స్టడ్డు కూడా ఊడొచ్చేసింది.

మంచిదే, కనీసం విరగలేదు. మరలు శుభ్రం చేసి, లాక్ చేసే జిగురు రెండు చుక్కలు వేసి హెడ్‌లో బిగించండి. జిగురు ఆరాకే కొత్త ఫిల్టర్.

కొత్తది ఎంత బిగించాలి?

రబ్బరు రింగుకి శుభ్రమైన డీజిల్ గానీ ఇంజిన్ ఆయిల్ గానీ రాయండి. రింగు హెడ్‌ని తాకేదాకా తిప్పి, అక్కడినుంచి చేత్తోనే ముప్పావు చుట్టు. డబ్బా మీద వేరే లెక్క ముద్రించి ఉంటే దాన్నే పాటించండి. పానాతో పని లేదు. స్టార్ట్ చేశాక రింగు చుట్టూ పొడి కాగితం తిప్పి చూడండి, తడి తగిలితే అప్పుడు ఇంకొంచెం. చివరగా డబ్బా మీద తేదీ, కిలోమీటర్లు రాసేయండి.

మార్చాక బండి స్టార్ట్ కావట్లేదు, ఏదో పాడుచేశానా?

లేదు, గాలి చేరింది. హెడ్ మీద ఉన్న ఎయిర్ స్క్రూని రెండు చుట్లు వదులు చేసి, డీజిల్ ఎక్కించడానికి బండిలోనే ఉండే చిన్న హ్యాండ్ పంపు కొడుతూ ఉండండి. మొదట గాలి బుసబుసమంటుంది, తర్వాత నురగ, తర్వాత బుడగల్లేని డీజిల్ ధార. పంపు కొడుతూనే స్క్రూ బిగించండి. సెల్ఫ్ ఒకసారికి పది పదిహేను సెకన్లకి మించి కొట్టకండి, మధ్యలో నిమిషం ఆగండి. బ్యాటరీ దిగిపోయి తోపించుకునేవాళ్లే ఎక్కువ.

కామన్ రెయిల్ ఇంజిన్ (చాలా ఎక్కువ ప్రెజర్‌తో డీజిల్ చిమ్మే కొత్త రకం) ఉన్న బండిలో మాత్రం ఇంజెక్టర్ పైపు నట్లు ముట్టుకోకండి. అక్కడి ప్రెజర్ వెయ్యి బార్ పైమాటే, ధార చర్మంలోకి దిగిపోతుంది.

ట్యాంకులోంచి డీజిల్ తీయడానికి నోటితో పైపు లాగితే ఏమవుతుంది?

మా తరం మెకానిక్‌లందరం చేశాం, ఇప్పుడు కుర్రాళ్లని చేయనివ్వను. మింగడం కన్నా ఊపిరితిత్తుల్లోకి పోవడం ప్రమాదం, న్యుమోనియా వస్తుంది. మింగినా బలవంతంగా కక్కించకండి, కక్కేటప్పుడే అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్లండి. చేతిపంపు చవకగానే దొరుకుతుంది.

సాలూరు దాటి ఘాట్ ఎక్కుతుంటే బండి ఆగిపోతోంది, కాసేపాగితే మళ్లీ స్టార్ట్ అవుతోంది. ఫిల్టరేనా?

చాలావరకు అదే. కింద రోడ్డు మీద తక్కువ డీజిల్‌తో నడిచిపోతుంది. సుంకి వైపు ఎక్కుడులో, లోడుతో ఇంజిన్ ఎక్కువ అడుగుతుంది, మూసుకుపోయిన ఫిల్టర్ ఇవ్వలేదు. ఆగితే కొంచెం కొంచెంగా ఊరి మళ్లీ కదులుతుంది. ముందు డ్రెయిన్ స్క్రూ విప్పి నీళ్లు దించండి, చాలాసార్లు దానితో కొండ దాటేస్తారు. సాలూరు లారీ డ్రైవర్ల క్యాబిన్‌లో ఎప్పుడూ ఒక కొత్త ఫిల్టర్, బెల్టు ముక్క ఉంటాయి. ఆ దారిలో తిరిగే జీపువాళ్లు కూడా పెట్టుకుంటే మంచిది.

నీళ్ల సంగతికొస్తే, 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటాక ఉద్దానం నుంచి చాన్నాళ్లు నీళ్లు చేరిన ట్యాంకులే వచ్చేవి. ఫిల్టర్ ఊడదీసి గాజు గ్లాసులో పోస్తే కింద నీళ్లు, పైన డీజిల్, మధ్యలో జీడిపిక్క రంగు జిగట. వానాకాలంలో పదిహేను రోజులకోసారి నీళ్లు దించండి. రాత్రిపూట ట్యాంకు సగానికి తక్కువ ఉంచకపోతే ఇంకా మంచిది, ఖాళీ జాగాలోనే తేమ చేరుతుంది.

ఎప్పుడు వదిలేసి మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాలి?

హెడ్‌లో పగులు కనిపించినా, నట్టు తల గుండ్రమైపోయినా, పెట్రోల్ పైపు మెలికపడినా అక్కడితో ఆపేయండి. సగం ఊడదీసి తెచ్చిన బండిని ఏ షెడ్డువాడూ తిట్టడు. నాలుగు బొక్కలు పొడిచి తెస్తే మాత్రం మనసులో తిట్టుకుంటాం.

పాత ఫిల్టర్ ఎక్కడ పడేయాలి?

కాలువలో కాదు, నాగావళి గట్టున అసలే కాదు. ఒక రాత్రి డబ్బా మీద బోర్లించి ఉంచితే గ్లాసుడు డీజిల్ కారుతుంది, తుప్పు బోల్టులు నానబెట్టడానికి మేం దాన్నే వాడతాం. కారిపోయిన డబ్బాలు మా షెడ్డు వెనక డ్రమ్ములో వేసేయొచ్చు. నెలకోసారి పాత ఇనుము కొనేవాడు వచ్చి తీసుకెళ్తాడు.